దగ్గిన తూటా

చనిపోయిన భర్త పౌన్‌కని కొన్న బట్టలు వేసుకుని, త్రాయిలో అనే అతని ఈడు స్నేహితుడు లోపలి గదిలోంచి బయటికి రాగానే, స్తానియా చేతిలో ఆడుతున్న పిండి జల్లెడ ఆగిపోయింది.

బట్టలు కొత్తవే. పెత్రోవాత్స్ సంతలో ఆమే ఏరి తెచ్చింది. గోధుమరంగు ఉన్ని కోటు, తెల్ల చొక్కా, గొర్రెతోలు టోపీ. శనివారం పౌన్ ఆరునెలల పొమానా, చనిపోయినవాడికి పెట్టే విందు. ఆ రోజు బల్ల మొదట్లో, పౌన్ కూర్చోవాల్సిన చోట, అతని ఈడువాడొకడు అతని కొలతల బట్టలు తొడుక్కుని కూర్చోవాలి. అందరూ ఆ మనిషిని పౌన్ అనే పిలుస్తారు. ఆ చేతికి ఏది అందితే అది అవతల పౌన్ చేతికి అందుతుంది. హోమోల్యే కొండల్లోని వ్లాహ్‌లందరూ చేసేదే ఇది. స్తానియా తన తండ్రికి చేసింది, అత్తగారికి చేసింది. ఎన్నడూ భయం వేయలేదు.

ఇవాళ వేసింది. త్రాయిలో బక్కపలచటివాడు. పౌన్‌వి ఎద్దు భుజాలు. ఆ కోటు త్రాయిలో ఒంటిమీద వేలాడాలి. వేలాడలేదు. ఎవరో లోపలినుంచి నింపినట్టు నిండుగా కూర్చుంది.

"సరిపోయాయి వదినా," అన్నాడు త్రాయిలో, ఆ సరిపోవడం తనకే నచ్చనట్టు. గబగబా టోపీ తీసేశాడు.

పొయ్యి పక్కన బెంచీ మీద ల్యూబింకో కూర్చుని రాకియా సారా చప్పరిస్తున్నాడు. ఊరి వేటగాళ్ళ సంఘానికి పెద్ద ఆయనే. పౌన్ కన్నా వయసులో పెద్దవాడు కాబట్టి స్తానియా అతన్ని బావగారూ అంటుంది. బట్టలు చూడటానికి వచ్చానన్నాడు గానీ, వచ్చిన పని వేరని ఆమెకి తెలుసు. రెండో గ్లాసు అయ్యాక చెప్పాడు. పౌన్ తన చేత్తో నింపిన తూటాలు ఇంకా పనిగదిలో మిగిలి ఉంటాయి కదా. శనివారం సమాధి దగ్గర సంఘంవాళ్ళంతా వరసగా నిలబడి వాటినే ఆకాశంలోకి కాలుస్తారట. అంతకన్నా గొప్ప మర్యాద ఏ వేటగాడికి దక్కుతుంది?

ఒకరు నింపిన తూటా ఇంకొకరు కాల్చకూడదని ఆయనే అనేవాడు కదా అంది స్తానియా. ల్యూబింకో నవ్వాడు. అందరికీ అలా చెబుతూనే అందరికీ నింపి ఇచ్చేవాడు మీ ఆయన, ఊళ్ళో సగం నడుముపట్టీల్లో అవే ఉన్నాయి, ఏళ్ళ తరబడి కాలుస్తున్నాం, ఎవరికేమైంది అన్నాడు.

"యోనెల్‌కి..." అని నోరు జారాడు త్రాయిలో.

ల్యూబింకో గ్లాసు కింద పెట్టాడు. యోనెల్ తుపాకి గొట్టంలో బురద ఉందని సంఘమంతా కూర్చుని తేల్చింది, ఆ మాట మళ్ళీ ఎందుకు అన్నాడు ల్యూబింకో. త్రాయిలో తల ఊపాడు. ఆ రోజు చెయ్యెత్తినవాళ్ళలో తనూ ఉన్నాడు.

పోయిన చలికాలం పందివేటలో యోనెల్ ఒంటిగొట్టం తుపాకి చేతిలోనే పేలిపోయింది. ఎడమచేతి మూడు వేళ్ళు మంచులో పడిపోయాయి. మొదటి తూటా సరిగ్గా పేలలేదని, దగ్గినట్టు చప్పుడైందని, రెండోది వేసి కాలిస్తే గొట్టం చీలిపోయిందని యోనెల్ చెప్పాడు. పౌన్‌ని అడిగారు. నా తూటాలు దగ్గవు అన్నాడు పౌన్. అంతే. అజాగ్రత్త మనిషని సంఘంలోంచి యోనెల్ పేరు కొట్టేశారు.

"చూస్తాను బావగారూ," అంది స్తానియా, జల్లెడ మళ్ళీ అందుకుని.

మర్నాడు పొద్దున మ్లావా లోయ మీదుగా పొగమంచు లేచి పెరట్లోకి వచ్చింది. బావి కనబడలేదు. పనిగది తలుపు కనబడేదాకా స్తానియా చేతులు ముందుకు చాపి నడిచింది. పొయ్యి వెలిగించలేదు. ఫోను ఇంట్లోనే వదిలేసింది. ఆ గదిలో నిప్పు ఉండకూడదు, ధ్యాస మళ్ళించేది ఏదీ ఉండకూడదు, బల్ల మీద ఒక్క రకం తుపాకిమందు డబ్బాయే ఉండాలి. ఈ మూడూ పౌన్ పెట్టిన నియమాలు.

ఏళ్ళ తరబడి ఆమె అతని పక్కన నిలబడింది. కాల్చేసిన తూటా తొడుగుల అడుగునుంచి చచ్చిన కేపు ఊడగొట్టడం, మందుని అంటించే కొత్త కేపు మెల్లగా ఒత్తడం, కొలతగిన్నెతో మందు పోయడం, దాని మీద అడ్డబిళ్ళ దించడం, సీసపు గుళ్ళు నింపి మూతి మడతపెట్టడం, తేమ తగలకుండా ఎర్రమైనం పూయడం, ఇవన్నీ ఆమె కళ్ళకి అలవాటే. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. మందు పోశాక, అడ్డబిళ్ళలు వేయకముందు, పళ్ళెంలో నిలబెట్టిన తొడుగులన్నిటిలోకీ కరెంటు దీపం వెలుతురులో వరసగా తొంగిచూడాలి. అన్నిటిలోనూ మందు ఒకే ఎత్తులో ఉండాలి. ఆ చూడటం ఇద్దరూ చూసేవాళ్ళు. అతను ఒకసారి, తర్వాత ఆమె ఒకసారి.

పోయిన చలికాలం మాత్రం పౌన్ లోపల గడియ పెట్టుకున్నాడు. అప్పటికే అతను చిక్కుడుగింజల్లో ఉప్పు వేశావా అని ఒక పూటలోనే నాలుగుసార్లు అడుగుతున్నాడు. చిన్నప్పుడే పోయిన తన తమ్ముణ్ణి వాకిట్లోంచి కేకేసి పిలుస్తున్నాడు. పనిగది తలుపు తట్టితే, "వెళ్ళు, నాకు తెలుసు," అని లోపలినుంచి అనేవాడు.

పౌన్ కూర్చునే ఎత్తుపీట మీద స్తానియా ఎప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుంది. చిన్న కత్తితో మొదటి తూటా మైనం గీకింది, మూతి మడతలు విప్పింది, గుళ్ళు ఒక పళ్ళెంలోకి ఒంపింది, కొక్కెంతో అడ్డబిళ్ళ లాగింది, మందుని కొలతగిన్నెలోకి జాగ్రత్తగా వంచింది. గిన్నె అంచుకి సమంగా నిలిచింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. కేపు ఉన్న తొడుగుల్ని వేరే డబ్బాలో నిలబెడుతూ పోయింది. ఒక వరస అయింది. ఇంకో వరస అయింది. అన్నీ కొలతకి సరిగ్గా ఉన్నాయి. మంచి చేతులు ఆయనవి అనుకుంది. ఏడుపొచ్చింది. ఇక చాలు, మిగతావి ల్యూబింకోకి ఇచ్చేద్దామని కత్తి మూసింది.

అప్పుడు ఆమెకి, తను ఇన్నాళ్ళూ నిలబడిన చోట ఇప్పుడు ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. కుడి భుజం వెనక. ఊపిరి లేదు, అడుగుల చప్పుడు లేదు. ఆమె పని పూర్తయ్యేదాకా కదలని ఒక నిలబడటం మాత్రం ఉంది. కిటికీ అద్దం నిండా తెల్లటి మంచు. తల తిప్పి చూడటానికి ధైర్యం చాలలేదు. ఆమె కత్తి తెరిచి తర్వాతి తూటా అందుకుంది.

దాని మీద మైనం మందంగా ఉంది. గీకుతుంటే కత్తి లోతుకి దిగింది. మూతి మడత లోపలికి గుంటపడి ఉంది. ఆ గుంట పైకి కనబడకుండా మైనంతో పూడ్చి సమం చేశాడు. గుళ్ళు ఒంపింది. అడ్డబిళ్ళ లాగింది. కొలతగిన్నె మీదికి వంచి తట్టింది. ఏమీ రాలలేదు. వేలు పెట్టి చూసింది. కేపు తప్ప లోపల ఇంకేమీ లేదు.

దాని పక్కనున్న తూటా మూతి కాస్త ఉబ్బి ఉంది. దాన్ని విప్పితే మందు గిన్నె అంచు దాటి, పొంగి, బల్ల మీద పడింది. ఒకదానికి పోయాల్సింది మరచి, ఇంకోదానికి రెండుసార్లు పోశాడు. అక్కడిదాకా ఆమెకి అర్థమైంది. అర్థం కానిది మైనం. గుంటపడిన మూతి చేతికి తగలకుండా ఉండదు. తగిలాకే కదా పూడ్చాడు? తెలిసి పూడ్చాడా? తెలుసన్న సంగతి కూడా ఆ క్షణంలోనే మరచిపోయాడా?

ఆమె వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. గోడకి పౌన్ తోలు ఏప్రన్ వేలాడుతోంది.

యోనెల్ ఇల్లు కొండ మీద, ఊరికి ఎడంగా ఉంటుంది. శుక్రవారం స్తానియా వెళ్ళేసరికి అతను చలికాలానికి క్యాబేజీలు పీపాలో పేరుస్తున్నాడు. కుడిచేత్తో పెట్టి, ఎడమ మణికట్టుతో అదుముతున్నాడు. ముప్ఫై దాటని మనిషి. పెళ్ళాం పుట్టింటికి వెళ్ళి రాలేదు. ఆమెని చూసి లేవలేదు, కూర్చోమని కూడా అనలేదు.

స్తానియా నిలబడే చెప్పింది. ఒకటి ఖాళీ, ఒకటి రెట్టింపు అని చెప్పింది. మైనం సంగతీ చెప్పింది. యోనెల్ ఇంకో క్యాబేజీ తీసుకుని, దాని పైఆకు ఒలిచాడు.

"తప్పు నాది కూడా ఉంది పిన్నీ," అన్నాడు. "చప్పుడు తేడాగా ఉంటే ఆగాలి. తుపాకి విప్పి, గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడాలి. పసిపిల్లాడిక్కూడా తెలుసు ఆ సంగతి. మందు లేని తూటా అడ్డబిళ్ళని బయటికి తోయలేదు, అది గొట్టంలోనే అడ్డంగా ఇరుక్కుంటుంది. అది చూడకుండా, ఖాళీ తొడుగు తీసి రెండోది వేసేశాను."

"పంది మీదికొస్తోందన్నారు."

"పంది దూరంగానే ఉంది. అది కాదు." అతను ఆకు కింద పడేశాడు. "ఆ చప్పుడు అచ్చం మనిషి దగ్గులా ఉంది. నా వెనకాలే. ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశాను. గొట్టంలో చూడాల్సిన టైములో అడవిలోకి చూశాను. ఈ ముక్క సంఘంలో చెప్పలేదు. చెబితే పిచ్చోడంటారు."

"ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

రేపు రమ్మంది స్తానియా. నేనొస్తే వాళ్ళు బల్ల మీంచి లేచిపోతారు అన్నాడతను. పొమానాకి వచ్చినవాణ్ణి పొమ్మనడానికి లేదు, అది చచ్చిపోయినవాడి బల్ల, బతికున్నవాళ్ళది కాదు అందామె. చచ్చిపోయినవాడిని వదిలెయ్ పిన్నీ, నా వేళ్ళు ఎలాగూ రావు అన్నాడు యోనెల్. ఆమె క్యాబేజీల మీద ఉప్పు చల్లడానికి సాయం చేసి, దిగి వచ్చేసింది.

శనివారం కూడా మంచు వీడలేదు. సమాధి దగ్గర ధూపం వేశారు, వైన్ పోశారు. సంఘంవాళ్ళు తుపాకులు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. తూటాలేవి అన్నట్టు ల్యూబింకో ఆమె వైపు చూశాడు. ఇంట్లో బల్ల మీద పెట్టానని చెప్పింది. కాల్చకుండానే అందరూ ఇంటికి నడిచారు.

చూరు కింద పొడవాటి బల్ల వేసి ఉంది. చిన్న రొట్టెలు, తెల్ల చిక్కుడు, కాల్చిన మిరపకాయలు, చేప, మొక్కజొన్న సంకటి. ప్రతి రొట్టెలోనూ గుచ్చిన మైనపువత్తి వెలుగుతోంది. బల్ల మొదట్లో త్రాయిలో గోధుమరంగు కోటులో, టోపీ కళ్ళదాకా దించుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు అతని ముందు ఒక్కొక్కటే పెడుతూ, తిను పౌన్, తాగు పౌన్ అంటున్నారు. అతను తీసుకున్న ప్రతిదానికీ, దేవుడు క్షమించుగాక అంటున్నాడు. ఆ మాట అంటేనే ఇచ్చింది అవతలికి చేరుతుంది.

అందరూ కూర్చున్నాక గేటు దగ్గర యోనెల్ కనిపించాడు. లోపలికి రాలేదు. స్తానియా వెళ్ళి మోచెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, త్రాయిలోకి కుడిపక్కన కూర్చోబెట్టింది. ఎవరూ లేవలేదు. ఎవరూ జరగనూ లేదు. ల్యూబింకో తన రొట్టె మీది వత్తివైపే చూస్తూ ఉన్నాడు.

అప్పుడామె త్రాయిలో ముందున్న వెలిగే వత్తిని తీసి బల్ల చివరికి పంపేసింది. ఆ చుట్టుపక్కల వత్తులన్నీ కూడా తీసేసింది. చనిపోయినవాడి చోటు చీకటిగా మిగిలింది. ముసలమ్మ ఒకతె శిలువ గీసుకుంది. వెలుగు లేకుండా పౌన్ ఎలా తింటాడమ్మా అని ఎవరో గొణిగారు.

"దీని దగ్గర మంట ఉండకూడదు," అంది స్తానియా. తెచ్చిన రెండు సాసర్లు త్రాయిలో ముందు పెట్టింది. ఒక దానిలో విప్పిన తొడుగు, అడ్డబిళ్ళ, కొన్ని గుళ్ళు మాత్రం ఉన్నాయి. రెండోదానిలో ఇంకో తొడుగు, దాని పక్కన నల్లటి మందు కుప్ప.

ఆమె గొంతు పెంచలేదు. ఇంట్లో మొగుడితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"పౌన్, ఇవి నువ్వు నింపినవే. ఒకదానిలో పోయడం మరిచావు, ఒకదానిలో రెండుసార్లు పోశావు. గుంట కనబడకుండా మైనం పూశావు. ఇట్లాంటిదే నువ్వు యోనెల్ చేతికిచ్చావు. అతను దగ్గిందంటే, నా తూటాలు దగ్గవన్నావు. ఇప్పుడు అతను నీ పక్కనే ఉన్నాడు. ఏం చెప్తావో చెప్పు."

బల్ల పొడవునా చెంచాలు ఆగిపోయాయి. త్రాయిలో గడ్డం ఛాతీకి ఆనింది. టోపీ కింద మొహం కనబడటం లేదు. చూరు నుంచి మంచునీరు బొట్లుబొట్లుగా రాలుతోంది.

"నేనే నింపాను," అని వినిపించింది. తగ్గిన గొంతు, కాస్త బొంగురుగా. "యోనెల్. నేనే."

యోనెల్ పక్కకి తిరిగి ఆ కోటువైపు చూశాడు. మొహం పాలిపోయింది. స్తానియా ఒక రొట్టె తీసి, ఇది పౌన్ పేరన అని అతని ముందు చాచింది. అతను చేతులు కదపలేదు. ఆమె చెయ్యి దించలేదు. పుచ్చుకోకుండా లేచిపోయే హక్కు అతనికుంది. అందరికీ ఆ సంగతి తెలుసు.

చివరికి యోనెల్ కుడిచెయ్యి చాచి రొట్టె తీసుకున్నాడు. "దేవుడు క్షమించుగాక," అన్నాడు, ఏ మాటా మింగకుండా. ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఎంతసేపైనా పూర్తి కాలేదు.

సాయంత్రం జనమంతా వెళ్ళిపోయాక త్రాయిలో గేటు దగ్గర ఆగాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు. అందరి ముందూ అంత మాట అన్నందుకు, నీ రుణం తీర్చుకోలేను అంది స్తానియా.

"వదినా, నేను నోరు తెరవలేదు," అన్నాడతను. "సిగ్గేసి తల దించేసుకున్నాను. నువ్వే అన్నావనుకున్నాను."

అతను అబద్ధమాడే మనిషి కాదు. మర్యాదకి అంటున్నాడేమో, భయానికి అంటున్నాడేమో తెలియదు. బట్టలు ఇంటికి తీసుకెళ్ళాలా అని అడిగాడు. ఇచ్చింది ఇచ్చిందే, తిరిగి తీసుకోకూడదంది. అతను ఆ కోటుతోనే మంచులోకి వెళ్ళాడు. ఎంత దూరం వెళ్ళినా ఆ భుజాలు సన్నబడలేదు.

ఆదివారం చర్చి గంట అయ్యాక మొదటి మనిషి వచ్చాడు. చిన్న సంచీ బల్ల మీద పెట్టి, పౌన్‌వి, నా దగ్గర మిగిలినవి అన్నాడు. కూర్చోలేదు. తర్వాత ఇద్దరు కలిసి వచ్చారు. ఒకడు కోటు జేబులోంచి, ఒకడు నడుముపట్టీలోంచి తీసి పెట్టారు. యోనెల్ గొట్టంలో బురద ఉందని చెయ్యెత్తినవాళ్ళే వీళ్ళంతా. ఇప్పుడు ఎవరింట్లోనూ ఎవరికీ ఆ ఎర్రమైనం తూటాల పక్కన పడుకోవడానికి ధైర్యం లేదు. మధ్యాహ్నానికి, ఇంట్లోకి తెచ్చి వేసిన పొమానా బల్ల సగం నిండిపోయింది. స్తానియా ఒక్కతే విప్పలేకపోయింది. ఎవరు చెప్పారో గానీ యోనెల్ వచ్చాడు. పొయ్యి ఆర్పేసి ఉండటం చూసి, కోటు విప్పకుండానే ఎదురుగా కూర్చున్నాడు. ఆమె మైనం గీకి, మడత విప్పి, గుళ్ళు ఒంపి, అడ్డబిళ్ళ లాగి ఇస్తుంటే, అతను కుడిచేత్తో తీసుకుని కిటికీ వెలుతురుకి పట్టి లోపలికి చూసి, మందు డబ్బాలోకి వంచుతున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. చూసినవన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ల్యూబింకో అందరికన్నా ఆఖర్న వచ్చాడు. పట్టీ మొత్తం విప్పి బల్ల మీద పెట్టాడు. మిగతావాళ్ళలా వెళ్ళిపోకుండా బెంచీ చివర కూర్చున్నాడు. బుధవారం సంఘం కూడుతుంది, అప్పుడు ఆ పేరు కొట్టేసిన సంగతి ఎత్తుతాను అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. యోనెల్ తల ఎత్తలేదు.

స్తానియా ఆ పట్టీలోంచి ఒక్కొక్కటే తీస్తోంది. ఒకదాని ఇత్తడి అడుగున గోటితో గీసినట్టు అడ్డంగా గీత ఉంది. మైనం మందంగా ఉంది. ఆమె చెయ్యి కాస్త ఆగి, మళ్ళీ కదిలింది. అంతా తీసి, తొడుగు యోనెల్‌కి అందించింది.

అతను కిటికీకి పట్టి చూశాడు. డబ్బా మీద బోర్లించి తట్టాడు. మళ్ళీ తట్టాడు. ఏమీ రాలలేదు.

"ఈ గీత ఎందుకు మామా?" అని అడిగాడు.

"తుపాకిలో మొదట వేసేది ఇదని గుర్తుకి," అన్నాడు ల్యూబింకో. లేచి దగ్గరికొచ్చి ఆ ఖాళీ తొడుగులోకి చూశాడు. "పోయిన ఆదివారం కొండకి పోయాం. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా గొట్టంలో ఉన్నది ఇదే."

"కాల్చలేదా?"

"పొగమంచు. పంది బయటికి రాలేదు."

ల్యూబింకో టోపీ తీశాడు. యోనెల్ ఆ తొడుగుని విడిగా, బల్ల అంచున నిలబెట్టాడు. తర్వాత స్తానియా వైపు చెయ్యి చాచాడు.

"తర్వాతది ఇవ్వు పిన్నీ," అన్నాడు.